థైరాయిడ్‌కు ఇన్‌స్పెక్షన్

నా రక్తానికే అబద్ధం నేర్పించబోయి పట్టుబడ్డ ఘనుణ్ణి నేను. కుర్చీ గట్టిగా పట్టుకుని చదవండి, నవ్వి కింద పడితే నా పూచీ లేదు.

ఎనభైల తొలి రోజులు. ఉప్పుగూడలో కాపురం, సర్కారీ కొలువు. కుంభకర్ణుడు ఆరు నెలలకోసారైనా లేచేవాడు, నేను టిఫిన్ డబ్బాకు మాత్రమే లేచేవాణ్ణి. మే నెల ఎండలో స్వెటర్ తొడుక్కుని ఫైళ్ల మీద తల వాల్చేవాణ్ణి. రక్తం పరీక్షిస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, ఆ తర్వాత అరగంట దాకా చాయ్ ముట్టొద్దు, ఆరు వారాలకు మళ్లీ రక్తం ఇవ్వాలి, అన్నారు డాక్టరు.

మా ఆఫీసరు ఇంకా స్పష్టంగా చెప్పాడు. "అప్పటికి నువ్వు బాగున్నవని డాక్టర్ కాయితం తే. లేకుంటే ఆదిలాబాద్ బదిలీ."

అరగంట చాయ్ లేకుండా ఉండటం పాతబస్తీలో పుట్టినవాడికి సాధ్యమా, మీరే చెప్పండి. రోజూ ముందు చాయ్, మాత్ర రేపు. అలా అయిదు వారాలు గడిచాయి. ఒకరోజు మా ఆవిడ సీసా ఊపి చూసింది.

"ఏందయ్యా, మాత్రలన్నీ అట్లనే ఉన్నయి?"

"ఫికర్ చెయ్యకు. ఇన్‌స్పెక్షన్ ముందు మా ఆఫీసుల ఏం చేస్తం? ఏడాది పని ఏడు రోజుల్ల ఒడగొడ్తం."

"అది కాయితం. ఇది మనిషి పెయ్యి, పానం."

వింటే కదా. చివరి వారం రోజుకు మూడేసి మింగాను. ఆలస్యంగా మింగితే అమృతమైనా విషమే. గుండె, ఉప్పుగూడలో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ బండిలా దడదడలాడింది. నిద్ర పారిపోయింది. మూడు నెలల నా ఫైళ్లు పూర్తిచేసి, చేతులు ఊరుకోక పక్కవాళ్లవీ పూర్తిచేశాను. హోటల్లో సాసర్ ఎత్తితే చాయంతా మా సెక్షన్ రహీం భాయ్ చొక్కా మీదే పడింది.

"ఏంది మియా, భూకంపం నీ ఒక్కనికే వచ్చిందా?"

"మందు పనిచేస్తుంది భాయ్."

ఆ వారం గడవగానే రక్తం ఇచ్చాను. డాక్టరు రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"రోజుకొకటే మింగినవా?"

"ఒక్కరోజు తప్పలే సార్."

"రక్తంల మందు మస్తుగుంది. కానీ మందు చాలట్లేదని మెదడు ఇంకా లొల్లి పెడ్తనే ఉంది. ఆ లొల్లి తగ్గాలంటే వారాలు పడ్తది. అయిదు వారాలు ఎగ్గొట్టి ఒక్క వారంల కుమ్మినవ్. గుండెకేమన్న అయితే ఏం జేస్తుంటివి?"

"ఎట్ల కనిపెట్టిన్రు సార్?"

"సర్కారీ దవాఖానల ఇరవై ఏండ్లు చేసిన. మంత్రి వచ్చే రోజే మా మంచాలకు తెల్ల దుప్పట్లు పడుతుండె."

కాయితం ఇవ్వలేదు. ఆరు వారాలు బుద్ధిగా మింగి రమ్మన్నారు. ఆదిలాబాద్‌కు పెట్టె సర్దుకోవాల్సిందే అనుకుంటూ ఆఫీసరు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన నేను పూర్తిచేసిన ఫైళ్ల గుట్టను చూశాడు.

"సరే, ఇంకో ఆరు వారాలు ఆగుత. గానీ, ఆ మాత్రలు మన సెక్షన్ మొత్తానికి రాయిస్తవా?"

ఆనాడే నా గొంతు మీద ఒట్టు పెట్టుకున్నాను. రోజుకొక్క మాత్రే, పరగడుపునే, చాయ్ అరగంట తర్వాతే. అబద్ధం చెప్పాలని నాలుక దురద పెడితే మీలాంటి పాఠకులకు చెబుతాను గానీ, రక్తానికి మాత్రం చచ్చినా చెప్పను.