నమూనా మామ మూడు ఫొటోలు

ఆ వీధి సెలూన్ యజమానిని అందరూ నమూనా మామ అంటారు. గోడకు కటింగు బొమ్మలు అంటించడం శుద్ధ దండగని ఆయన నమ్మకం. కొత్త ఫ్యాషన్ ఏదొచ్చినా ముందు తన ముఖం మీదే దించుతాడు. చూసినవాళ్లు మాకూ అలాగే కానివ్వమంటారు. సోమవారం ఉన్న మీసం గురువారానికి ఉంటుందో లేదో ఇంటావిడకే తెలియదు.

అలాంటి మనిషికి ఏడాదిగా కుడికంట్లో శుక్లం ముదురుతోంది. ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చూపు ఆననివాడి కత్తికి చెంప ఎవడప్పగిస్తాడు? చివరికి మొన్న ఒక మాస్టారి చెవికి గాటు పడింది. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు కానీ, ఆ పూట మామకు అన్నం సహించలేదు.

"ఇంకో చెవి తెగేదాకా ఆగుతారా?" అంటూ ఇంటావిడ, ఆర్నెల్ల కిందట వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు చేతిలో పెట్టి ఆయన్ను బయల్దేరదీసింది.

వీధి చివరి చిన్నాసుపత్రిలో డాక్టరు కన్ను చూసి, ఫొటో తీయించి, అది అంటించి పెద్దాసుపత్రికి చీటీ రాసింది. మూడో రోజు అక్కడ పథకం కౌంటర్ అమ్మాయి మామను మంచం మీద కూర్చోబెట్టి ఇంకో ఫొటో తీసింది. కార్డూ చీటీ జతచేసి బీమా ఆఫీసుకు పంపింది. అక్కడ సరేనంటే ఆపరేషన్, లెన్సు, మందులు అన్నీ ఉచితమే.

సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. 'ఒక కార్డు మీద ముగ్గురు మనుషులు' అని రాసి ఉంది.

నిజమే మరి. కార్డులో కోరమీసం, చీటీలో పిల్లిగడ్డం, మంచం మీద నున్నటి ముఖం. ఆపరేషన్ కదా, శుభ్రంగా ఉండాలని ఆ ఉదయమే గీసుకొచ్చాడు. వేలిముద్రల యంత్రం చూస్తే వారంగా మొరాయిస్తోంది.

"కార్డులో ఉన్న మీసం పెంచుకుని రా బాబాయ్."

"నెల పడుతుంది తల్లీ. ఈలోపు ఎన్ని చెవులు తెగుతాయో."

అమ్మాయికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. 'మూడింటిలోనూ కుడి సైడ్‌లాక్ ఎడమదానికన్నా అరంగుళం పైకుంది. మనిషి ఒక్కడే' అని రాసి మళ్లీ పంపింది. గంటలో అనుమతి వచ్చేసింది.

మామకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నా చేతిలో వంకరేంటి? కెమెరా వంకరది," అని సణుక్కుంటూనే ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు.

కన్ను కుదుటపడ్డాక సెలూన్ తెరిచి అద్దంలో చూసుకున్నాడు. కుడి సైడ్‌లాక్ నిజంగానే అరంగుళం పైకుంది. గుమ్మంలోకొచ్చి వీధి చూశాడు. పాలాయన, టైలరు, బస్సు కండక్టరు, ఎవరి చెంపలు చూసినా ఎగుడుదిగుడే. ఏడాదిగా వీధి వీధంతా అలాగే తిరుగుతోందన్నమాట.

చెవికి ఇంకా ప్లాస్టరుతోనే మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదేం మాస్టారూ?"

"చెబితే కత్తి కింద పెట్టేస్తావని."

కంట్లో నీళ్లు రానివ్వొద్దని డాక్టరు మరీమరీ చెప్పింది కాబట్టి, మామ సబ్బు నురగ కలుపుతూ నిలబడ్డాడు.

మాస్టారు ప్లాస్టరున్న చెవివైపే ముందు తిప్పి, నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.