గజ్జె పూజకు రాని పిల్ల

శంషాబాద్‌లో నేను డాన్సు క్లాసు పెట్టిన కొత్తలో వచ్చింది ఐదుగురు పిల్లలు. అందులో ఇద్దరు ఇంటి ఓనరు మనవరాళ్లు, అంటే వాళ్లను లెక్కలో వేయకూడదు. బెంగుళూరు రోడ్డుకు కాస్త లోపలగా, బియ్యం దుకాణం వెనకనున్న పొడుగాటి గదిని శని, ఆదివారాలకు మాత్రం కిరాయికి తీసుకున్నాను. మాది అత్తాపూర్. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన నాన్నగారు అక్కడే స్థిరపడ్డారు. కూచిపూడిలో డిప్లొమా చేసి, సర్టిఫికెట్టు పట్టుకుని కనపడ్డ స్కూలుకల్లా తిరిగి, అసలు డాన్సు టీచరనే పోస్టే ఎక్కడా లేదని తెలిశాక, ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆ క్లాసు మొదలుపెట్టాను. తొంభైల మధ్య సంగతి ఇది.

తర్వాత టీవీ మహిమో, స్కూళ్ల యానివర్సరీల మహిమో, పిల్లలు వచ్చిపడ్డారు. గది నిండి అరుగు మీదికి, అరుగు నిండి వాకిట్లోకి వచ్చారు. నేను తాళం వేసే కర్ర చప్పుడు వాకిట్లో వాళ్లకు వినపడక, ముందు వరస పిల్లల కాళ్లు చూసి అడుగులు వేసేవాళ్లు. అంటే తప్పు కూడా వరసగా వెనక్కి పాకేది. నేను చదివిన కాలేజీలోనూ అదే జాతర. మా రోజుల్లో సగం ఖాళీగా ఉండే క్లాసుకు ఇప్పుడు అప్లికేషన్ల కోసం తల్లులు పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు. చదివి బయటికొచ్చిన మేమంతా ఏం చేస్తున్నామని అడిగిన మహాతల్లి ఒక్కతీ లేదు.

ఏం చేస్తున్నామో నేను చెబుతాను. పెళ్లిళ్లలో నిలబడేవాళ్లం. అప్పుడప్పుడే ఆ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేస్తున్నాయి. నాట్యం డ్రస్సు వేసుకుని, నగలు, జడకుచ్చులతో సహా గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ల మీద పన్నీరు చల్లాలి. ఆడక్కర్లేదు, నవ్వితే చాలు. అరికాళ్లు మండేదాకా ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్యకు దొరికిన పని అది. ఒకసారి ఒక పెద్దమనిషి నా చేతిలో పన్నీరుబుడ్డి చూసి కూడా, చేతులు కడుక్కునేది ఎక్కడని నన్నే అడిగాడు. చూపించి వచ్చాను, ఏం చేస్తాను!

క్లాసులో చేరినవాళ్లలో ఒక పిల్ల హిమాయత్ సాగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చేది. వాళ్లది కూరగాయలు పండించే ఇల్లు. శనివారం వాళ్ల బాపు సరుకుతో పాటు పిల్లనూ ట్రాలీ ఆటోలో తెచ్చి రోడ్డు మీద దించేవాడు. టీచర్ అనమని ఎన్నిసార్లు చెప్పినా నన్ను అక్కా అనే పిలిచేది. కృష్ణుడు కనపడక యశోద వెతికే ఘట్టం ఒకరోజు నేర్పాను. అందరూ నేను చూపించినట్టే నుదుటి మీద చెయ్యి ఆనించి దూరంగా చూశారు. ఈ పిల్ల వంగి, లేని మంచం కింద చూసింది. అక్కడా లేడనేసరికి దాని మొహంలో మొదటిసారి భయం కనిపించింది. నేనది నేర్పలేదు. నాకు ఎన్నడూ తోచను కూడా లేదు.

ఓ ఆదివారం మా గురువుగారు నా క్లాసు చూద్దామని వచ్చారు. ఆ పిల్ల చేత అదే ఘట్టం చేయించాను. ఆయన నన్ను అరుగు చివరికి పిలిచి, "ఇలాంటి పిల్ల ఎప్పుడో గానీ దొరకదమ్మా. దీన్ని వదలకు," అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన దగ్గర నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను. కాళ్లు బాగా పడతాయన్నారు, క్రమశిక్షణ ఉందన్నారు. ఈ మాట మాత్రం నాతో గానీ, నా గురించి ఇంకొకరితో గానీ ఎన్నడూ అనలేదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు.

మా దగ్గర గజ్జెలు ఊరికే కట్టుకోరు. కొన్నేళ్లు వట్టి కాళ్లతో నేర్చుకున్నాక గురువు పూజ చేసి చేతికిస్తే, కళ్లకద్దుకుని కట్టుకోవాలి. శ్రావణంలో ఒక ఆదివారం కొంతమందికి గజ్జె పూజ పెట్టాను. ఆ పిల్లా అందులో ఉంది. ముందురోజు క్లాసు అయ్యాక వాళ్ల బాపు వచ్చి, చెప్పులు బయటే విడిచి, గోడవారన కూర్చున్నాడు. పిల్ల ఇంటర్ పాసైందనీ, పట్నంలో ఒక దవాఖానలో నర్సు ట్రైనింగు సీటు వచ్చిందనీ, సోమవారం చేరాలనీ చెప్పాడు. అదేమో చేరనంటోంది. కాలేజీలో డాన్సే చదువుతానని రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదట.

"గజ్జెలు కట్టినంక నడుమల ఇడిస్తే మంచిగ గాదంట గదమ్మా," అన్నాడు. "అందుకే ఇయ్యాల్నే అడుగుదమని వచ్చిన. ఇది సదివితే నీ లెక్క దానికి గూడ నౌకరీ అయితదా?"

నా లెక్క! వారం వారం బ్యాగు తగిలించుకుని బస్సు దిగే నన్ను చూసి, సర్కారు టీచరమ్మననే అనుకుంటున్నాడు పాపం.

నాకే నౌకరీ లేదండీ అన్నాను. అక్కడితో ఆగవచ్చు. ఆయన అడిగింది ఒక్క ముక్క, నేను చెప్పింది పది. స్కూళ్లలో పోస్టులు లేవని చెప్పాను. నాతో చదివినవాళ్లు పెళ్లిచేసుకుని గజ్జెలు అటకెక్కించారని చెప్పాను. పన్నీరు చల్లడం చెప్పాను, చేతులు కడుక్కునే చోటు చూపించడం కూడా చెప్పాను. అన్నీ నిజాలే. ఒక్కటీ కల్పించలేదు. గురువుగారు అన్న మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు. అది నోటిదాకా వచ్చింది, నేనే మింగేశాను.

ఆయన లేస్తూ చేతులు జోడించాడు. "మంచిదమ్మా. ఇంకొకలైతే ఫీజు పోతదని చెప్పకపోదురు. నువ్వు నిజం చెప్పినవ్," అన్నాడు. ఆ దండం అందుకుంటూ నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పూజకు ఆ పిల్ల రాలేదు. మిగతావాళ్లకు పూజ చేసి గజ్జెలు ఇచ్చాను. తల్లులు ఫొటోలు తీయించుకున్నారు, పులిహోర తిన్నారు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, మంచి పని చేశావు, ఓ ఇల్లు నిలబెట్టావు అంది. నేనూ బస్సులో వచ్చేటప్పుడల్లా అదే అనుకునేదాన్ని. నర్సంటే జీతముంటుంది, గౌరవముంటుంది. నేను కాకపోతే ఎవరు చెబుతారు? ఇన్నిసార్లు అనుకోవాల్సి వచ్చిందంటేనే లోపల ఎక్కడో గుచ్చుకుంటోందని అర్థం.

ఏడాది తిరిగీ తిరక్కముందే పెద్ద స్కూళ్లు ఆ దారిలోకి వచ్చాయి. పసుపు బస్సులు, యూనిఫాం మీద టై, దాంతోపాటు డాన్సు టీచరు. ఒక స్కూల్లో నన్ను తీసుకున్నారు. చిన్నపిల్లలకు ఇంకొకరు కావాలి, మీ శిష్యుల్లో డిప్లొమా చదివేవాళ్లున్నారా అని ప్రిన్సిపాల్ అడిగింది. నాకు మొదట గుర్తొచ్చింది ఆ పిల్లే. ఎవరూ లేరండీ అన్నాను. మొదటి జీతం అందుకున్న రోజున కూడా నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది.

ఆ తర్వాత ఒక ఆదివారం క్లాసుకు ఆ పిల్లే వచ్చింది. కాస్త సన్నబడింది. దాని వేలు పట్టుకుని పదేళ్ల చెల్లెలు నిలబడి ఉంది. ట్రైనింగు మంచిగనే ఉందక్కా అంది. చెల్లెలికి డాన్సు అంటే పాణమట, చేర్చుకోమంది. బాపు ఒప్పుకున్నాడా అని అడిగితే, తనే ఒప్పించానని చెప్పింది. నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చిన సంగతి విన్నదేమో, వినలేదేమో, అడిగే ధైర్యం లేకపోయింది. చెల్లెల్ని వరసలో నిలబెట్టి, దాని చున్నీ నడుముకు బిగించి కట్టి, నా దగ్గరికి వచ్చింది.

"ఆ దినం పెద్ద గురువుగారు నా గురించి నీతోటి అన్నది నేను ఇన్న అక్కా," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. "బాపుకు గది గూడ చెప్తవనుకున్న."

తను బస్సుకు టైమవుతోందని గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగింది.

"దీని గురించి ఎవరన్న మంచిగ అంటే, మా ఇంట్ల చెప్పు అక్కా."