పడవ ఎక్కని బండి

ఆ రోజుల్లో మా అమలాపురం వైపు పొడుగ్గా పుట్టినవాడికి ఉద్యోగం దొరికినా దొరక్కపోయినా పని మాత్రం దొరికేది. అటక మీంచి గంగాళం దించాలన్నా, చర్చి గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం కట్టాలన్నా, దొడ్లో ములక్కాడలు కోయాలన్నా నాకే కబురొచ్చేది. ఆరడుగుల మీద ఇంకెంత ఉన్నానో నాకూ సరిగ్గా తెలియదు (కొలిస్తే ఇంకా పెరుగుతానేమోనని మా అమ్మ కొలవనిచ్చేది కాదు). స్నేహితులు నన్ను సరుగుడు బాదు అని పిలిచేవారు. అంత మనిషినై ఉండి నేను ఏరికోరి కొనుక్కున్నది ఒక ఎర్ర స్పోర్ట్స్ బండి. దాని హ్యాండిల్ కిందికి, వెనక సీటు పైకి ఉండేవి. నడిపేవాడు ట్యాంకు మీదికి వంగి, ఏదో పోగొట్టుకుని రోడ్డంతా వెతుక్కుంటున్నవాడిలా వెళ్ళాలి. నా మోకాళ్ళు హ్యాండిల్‌కి తగలకుండా రెండుపక్కలా బయటికి చాపుకునేవాణ్ణి. దూరం నుంచి చూస్తే పీత బండెక్కినట్టు ఉండేదట. అయినా ఏటిగట్టు మీద దాని చప్పుడు వింటూ వెళ్తుంటే నా అంతవాడు గోదావరి జిల్లాల్లో లేడనే అనుకునేవాణ్ణి. రొయ్యల మేత అమ్మే కంపెనీలో నా కొలువు. చెరువులకు తెగులు తగిలి రైతులు తలలు పట్టుకుంటున్న కాలం కనక, మేత అమ్మడం కంటే వాళ్ళని ఓదార్చడమే నా అసలు పనిగా ఉండేది.

ఆ బండికి ఇంకో ముఖ్యమైన పని కూడా ఉండేది. మా అక్క ఒక లంక ఊళ్ళో టీచరు. ఆ బడి మొత్తానికి ఒక్కతే టీచరు. బావ మస్కట్‌లో పనిచేసేవాడు కాబట్టి అక్క మా దగ్గరే ఉండేది, రోజూ పొద్దున్న బడిదగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం నా బాధ్యత. ఏటిగట్టు మీద రేవుదాకా వెళ్ళాలి. అక్కడ బండితో సహా నావ ఎక్కాలి. అవతల దిగాక ఇసకలో కొబ్బరాకులు పరిచిన బాట మీద బడిదాకా మళ్ళీ బండే. లంకలకి బండ్లు అలాగే వెళ్ళేవి. ఒడ్డు నుంచి నావ అంచుకి రెండు చెక్కలు వేస్తారు, ఒకరు ముందు చక్రం పట్టుకుని లాగుతారు, ఒకరు వెనకనుంచి తోస్తారు. నా ఎర్రబండి తేలిక, పొట్ట కూడా ఎత్తుగా ఉండేది. అందుకని మేకపిల్లలా నావలోకి దూకేసేది. కాబట్టి చాలాకాలం దాన్నిగురించి ఎవరం ఆలోచించలేదు.

ఇంతలో అక్కకి కీళ్ళవాతం పట్టుకుంది. మొదట్లో వేళ్ళు, తర్వాత మోకాళ్ళు. ఆ ఎత్తు సీటు మీదికి నేల మీంచి ఎక్కడం ఆవిడవల్ల కాలేదు. దాంతో మా ప్రయాణం గట్ల వేటగా మారింది. ఇంటిదగ్గర వీధి అరుగు పక్కన బండి ఆపాలి, దారిలో దిగితే మళ్ళీ ఎక్కడానికి కల్వర్టు గోడ వెతకాలి, లంకలో అయితే బడిమెట్లే దిక్కు. మా చుట్టుపక్కల ఏ గట్టు ఎంత ఎత్తుందో అప్పట్లో నాకు తెలిసినంతగా ఇంజనీర్లకి కూడా తెలిసుండదు. అక్క ఎక్కి కూర్చున్నాక కూడా ఆ వాలు సీటు మీంచి జారుతూ వచ్చి నా వీపుకి గుద్దుకునేది. నేను బాధగా మూలిగేవాణ్ణి, ఆవిడ నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. ఒకనాటి సాయంత్రం వానలో బడిమెట్ల మీంచి ఎక్కబోతూ జారి పడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ లేవదీస్తుంటే నా మొహం చూడకుండా, "ఇంక మానేస్తాన్రా, నావల్ల కాటం లేదు" అంది.

ఆవిడ మానేస్తే బడికి తాళమే. ఏరు దాటి ఆ లంకకి రావడానికి ఇంకెవరూ ఒప్పుకోవడంలేదని పై అధికారులే చెప్పేశారు. అక్కకి పిల్లలు లేరు. ఈ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. ఆ బడి పోతే అక్క ఏమైపోతుందోనని అమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. నేను మాత్రం అదేదో ప్రపంచంలోకెల్లా సులువైన సమస్య అన్నట్టు, సీటు ఎత్తే కదా, బండి మార్చేద్దాం అన్నాను.

అప్పుడప్పుడే మనవైపు క్రూయిజర్ బండ్లు దిగుతున్నాయి. పొడుగ్గా, నేలబారుగా, కాళ్ళు ముందుకు చాపుకుని పడక కుర్చీలో కూర్చున్నట్టు నడిపేవి. నేను వాటిమీద కన్నేసిన సంగతి తెలిసిన దగ్గరనుంచి మా వీధి టీకొట్టులో రోజూ సభే. నాలాంటి పొడుగువాడికి అదే సరైన బండని కొందరూ, స్పోర్ట్స్ బండి నడిపిన చేత్తో ఆ దున్నపోతుని నడపలేనని కొందరూ. మస్కట్ నుంచి బావ ఫోను చేసి, అక్కడ అరబ్బు షేకులందరూ అవే నడుపుతారనీ, కళ్ళు మూసుకుని కొనెయ్యమనీ చెప్పాడు (ఆయనకి సైకిలు కూడా రాదు). నేను కాకినాడ వెళ్ళి షోరూంలో దాని మీద కూర్చున్నాను. తీరా చూస్తే సీటు ఎంత కిందికుందంటే నా మోకాళ్ళు గడ్డంతో మాట్లాడుతున్నాయి. అమ్మేవాడు ఏమాత్రం తొణక్కుండా, "మహారాజులా ఉన్నారండి. కాళ్ళు ముందుకెట్టి చూడండి, ఆయ్" అన్నాడు. కాళ్ళు ముందుకు పెడితే నడుము కూలబడింది. గోతిలో పడ్డప్పుడల్లా వెన్నుపూస ఒక్కొక్కటీ లేచి హాజరు చెబుతుందని అర్థమైంది. నా ఎత్తుకి పాతబండీ సరిపోలేదు, ఇదీ సరిపోదు. కానీ నేను చూడవలసింది నన్ను కాదు. దిగి, వెనక సీటు నేలకెంత ఎత్తో జేనలు పెట్టి కొలిచాను. అక్క మోకాలికి ఎంత దూరమో లెక్క వేసుకున్నాను. ఆనుకోవడానికి వెనక దిండు ఉంది, పక్కకి కూర్చుంటే కాళ్ళు పెట్టుకోవడానికి వెడల్పు పలక కూడా ఉంది. ఎర్రబండిని రాజోలు వైపు కుర్రాడెవరికో ఇచ్చేసి క్రూయిజర్ తెచ్చేశాను.

పాస్టరుగారు ఇంటికొచ్చి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. భూమ్మీద ఏ దారిలో వెళ్ళినా ఏ అపాయమూ రాకూడదని కోరారు. (ఆయన నీటి ప్రయాణం సంగతి ఎత్తలేదని అమ్మ తర్వాత చాలాసార్లు నొచ్చుకుంది.) మర్నాడు పొద్దున్న అక్క చేతిసంచి, గొడుగు పట్టుకుని వచ్చింది. అలవాటుగా అరుగువైపు నడుస్తుంటే, అక్కర్లేదక్కా అని బండి వీధి మధ్యకి తెచ్చాను. నేల మీంచే కూర్చుంది. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, వెనక దిండుకి ఆనుకుని, చీర సర్దుకుని నా వీపు మీద తట్టింది. ఏటిగట్టు పొడుగునా ఏదో పాటల పుస్తకంలోని కీర్తన పాడుతూనే ఉంది. నాకు నడుము విరిగిపోతున్నా ప్రాణం లేచొచ్చింది.

రేవులో నావ నడిపే సరంగు బండి చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. ఎక్కుతుందా అని అడిగితే నవ్వాడు. "గేదెల్నే ఎక్కించేనండి. ఇదో లెక్కా, ఆయ్, ఎక్కేత్తదండి" అన్నాడు. చెక్కలు వేశారు. నలుగురు సాయం పట్టారు. ముందు చక్రం చెక్కలెక్కింది, అంచు దాటింది, నావలోకి దిగింది. అక్కడితో సరి. క్రూయిజర్ పొట్ట నావ అంచు మీద కూర్చుంది. ముందు చక్రం నావలో, వెనక చక్రం గాలిలో. తోస్తే కదలదు, లాగితే రాదు. ముందు నొక్కితే వెనక లేస్తుంది, వెనక నొక్కితే ముందు లేస్తుంది. చిన్నప్పుడు పార్కులో ఊగే బల్లలాంటిది తయారైంది. పాలక్యాన్లవాళ్ళు, కొబ్బరి దింపులకి వెళ్ళేవాళ్ళు అందరూ తలో సలహా ఇచ్చారు. ఒకాయన టైర్లలో గాలి తీసెయ్యమన్నాడు. ఇంకొకాయన సైలెన్సరు ఊడదీయమన్నాడు. నేను నీళ్ళలో దిగి కిందనుంచి భుజం పెట్టాను. నా పొడుగు పనికొచ్చిందని ఒక్క నిమిషం సంబరపడ్డాను గానీ, నావ ఒక పక్కకి ఒరిగి, అంచు చెక్క పగిలిన చప్పుడు వినబడింది. సరంగు మొహంలో నవ్వు పోయింది. "దింపేద్దామండీ బాబూ, నావ పోద్ది. మా పిల్లలు దీనిమీదే బతుకుతున్నారండి" అన్నాడు. బండిని వెనక్కి లాగాం. సైలెన్సరు వంగిపోయింది.

నేను ఒళ్ళంతా బురదతో పైకొచ్చి చూస్తే, అవతలి ఒడ్డున బడిపిల్లలు వరసగా నిలబడి ఇదంతా చూస్తున్నారు. అక్క బడివేళ అయిపోతోందని, తాను నడిచి వెళ్తానని నావ ఎక్కింది. నేనూ వెళ్ళాను. ఆ ఇసక బాటలో ఆవిడకి ఊతంగా నడుద్దామంటే నా భుజం ఆవిడకి అందదు, నేను వంగితే అడుగు పడదు. చివరికి నా మోచెయ్యి పట్టుకుని, ఆగి ఆగి నడిచింది. ఏదో ఒక పనికి పొడుగువాణ్ణి పిలిచేవాళ్ళని చూసి గర్వపడ్డ నాకు, పొట్టిగా పుట్టినా బాగుండేదని ఆ రోజు అనిపించింది.

తర్వాత ఏమీ చెయ్యలేదని కాదు. రాజోలు వెళ్ళి బతిమాలి ఎర్రబండి వెనక్కి తెచ్చాను. అది నావ ఎక్కింది గానీ, దాన్ని అక్క ఎక్కలేకపోయింది. అక్క ఎక్కగలిగిన బండి నావ ఎక్కదు. రెండు బండ్లూ మా వాకిట్లో పక్కపక్కన నిలబడి ఉంటే దారినపోయేవాళ్ళు, మేతల కంపెనీలో బాగా కలిసొచ్చిందనుకుని నన్ను అభినందించేవారు. లంకవాళ్ళు పాపం తమవైపు ఎడ్లబండి పెట్టారు. ఆ కుదుపులకి అక్క ఇంటికొచ్చి జ్వరంతో మూలిగేది. వర్షాలు మొదలయ్యాక సెలవు పెట్టింది. ఆ సెలవు మరి పూర్తికాలేదు. కొన్నాళ్ళకి లంక పిల్లలు కొందరు ఇవతలి ఒడ్డు బడికి నావ దాటి వచ్చారు, కొందరు మానేశారు. మానేసినవాళ్ళ పేర్లు అక్క భోజనం దగ్గర తలుచుకునేది.

సాయంత్రాలు ఆవిణ్ణి క్రూయిజర్ మీద ఎక్కించుకుని గాలికి తీసుకెళ్ళేవాణ్ణి. ఎటు వెళ్దామంటే రేవుకే అనేది. బండి దిగకుండా, దిండుకి ఆనుకుని అవతలి ఒడ్డు చూస్తూ కూర్చునేది. నావ దిగొచ్చే ఆడవాళ్ళు, ఎప్పుడొత్తారండీ టీచరుగారూ అని అడిగేవారు. మోకాళ్ళు తగ్గగానే వచ్చేస్తానని చెప్పేది. ఒకరోజు వాళ్ళు వెళ్ళిపోయాక, బండి హాయిగా ఉందా అక్కా అని అడిగాను. ఏదో ఒక మంచి మాట వినాలని అడిగాను.

"చాలా హాయిగా ఉందిరా," అంది. "ఆ ఎర్రబండి మీద పళ్ళు బిగించుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ కూర్చునేదాన్ని. కానీ బడికి వెళ్ళేదాన్ని."

బండి స్టార్టు చేసి ఇంటికి తిప్పాను.

అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పాయ మీద వంతెన కూడా పడింది. రేవులో నావ లేదు, సరంగు కొడుకు ఆటో నడుపుతున్నాడు. ఎర్రబండి ఎప్పుడో పోయింది గానీ క్రూయిజర్‌ని అమ్మలేదు (నా నడుముని అడిగితే అది వేరే చెబుతుంది). మొన్నామధ్య దానిమీద వంతెన దాటి లంకలోకి వెళ్ళాను. బండి పొట్ట ఎక్కడా దేనికీ తగల్లేదు. బడి దాటాక వెనకనుంచి ఒక కుర్రరైతు తన బండి పక్కకి తెచ్చి, మర్యాదగా, "ఏవనుకోకండి, మీరు కుడేపుకి ఒరిగిపోయి నడుపుతున్నారండి. బండికేవన్నా దెబ్బా అండీ" అని అడిగాడు. అప్పుడు చూసుకున్నాను. చీర కట్టుకున్న మనిషి ఎడమవైపుకి తిరిగి కూర్చుంటే బరువు అటు లాగుతుంది కనక, నడిపేవాడు కాస్త కుడికి ఒరగాలి. అన్నేళ్ళు అలా ఒరిగి ఒరిగి, వెనక ఎవరూ లేరన్న సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆరడుగులు దాటిన ముసలాణ్ణి, ఖాళీ సీటుకి బరువు కాస్తూ వెళ్తున్నానన్నమాట. నాలో నేనే నవ్వుకున్నాను. లేదండీ, బండి బాగానే ఉందని ఆ కుర్రాడికి చెప్పి, కావాలని నిటారుగా కూర్చున్నాను. తిరిగొస్తూ వంతెన దిగేలోపే మళ్ళీ కుడికి ఒరిగిపోయాను.