బావగారి ఎడమచెయ్యి

పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మా వియ్యంకుడికి తోడుగా పోయిన నెలలో భవానీపురంలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఆయన చేతికి మెత్తటి తొడుగొకటి వేసి మీట నొక్కగానే, అందులో ఎక్కడో చిన్న మోటారు మూలిగి, నెల్లాళ్ళుగా చచ్చుబడి ఉన్న వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. వియ్యంకుడు ముసిముసిగా నవ్వుకున్నాడు. నేను మాత్రం అక్కడ నిలవలేకపోయాను. నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. అలాంటి మూలుగు విని దాదాపు యాభై ఏళ్ళయింది.

డెబ్బైల్లో డిప్లొమా పూర్తి చేసి నేను ఆటోనగర్‌లో లారీల కరెంటు పని చేసే షెడ్డులో చేరాను. మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చినవాడు, ఇనుము చేతికిస్తే విమానం చేసిస్తాననేవాడు. నాకైతే కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. మా యజమాని అడపాదడపా తల మీద మొట్టేవాడుగానీ, ఆ మొట్టికాయలు చాల్లేదని ఇప్పుడనిపిస్తుంది.

మా అక్కను కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఆయనకిచ్చాం. ఆ వేసవిలో బావగారు ఎక్కిన బస్సు తిరగబడి, కిటికీ అద్దం దిగి ఎడమ ముంజేయి తెగింది. గాయం మానిందిగానీ వేళ్ళు ముడుచుకోవు, గిల్లినా తెలియదు. లోపల నరాలు తెగాయనీ, ఇక ఇంతేననీ డాక్టరు చెప్పేశాడు. కుడిచెయ్యి బాగానే ఉందిగదా అని ఊళ్ళోవాళ్ళు ఓదార్చేవారు. కానీ ఉలి కుడిచేత్తో పట్టినా కర్రను కదలకుండా పట్టేది ఎడమచెయ్యే. కాళ్ళ మధ్య ఇరికించి చెక్కబోతే ఉలి జారి తొడకు దిగింది. దసరాకు బెజవాడ దుకాణాలవాళ్ళు అడిగిన అంబారీ ఏనుగులు ఆయన చెయ్యలేకపోతే ఆ పని మరొకరికి పోతుంది, ఆయన జీవితాంతం ఇతరులు చెక్కిన బొమ్మలకు రంగులు వేసుకుంటూ కూర్చోవాలి. ఆ దిగులుతోనే ఆయనకు అన్నం సయించేది కాదు.

నేను చేసిస్తానన్నాను. గట్టి తోలుతో, వేళ్ళ కొసలు మాత్రం బయటికి ఉండేలా తొడుగు కుట్టించి, ఒక్కో వేలి వెంబడీ సైకిలు బ్రేకు తీగ నడిపి, ఆ తీగలన్నీ ముంజేతికి కట్టిన లారీ వైపరు మోటారుకు చుట్టాను. భుజాన సంచిలో స్కూటరు బ్యాటరీ, కాలి బొటనవేలి కింద మీట. నొక్కితే వేళ్ళు ముడుచుకుని కర్రను పట్టుకునేవి. మోటారు ఆగిపోయినా, బ్యాటరీ అయిపోయినా పట్టు సడలదు. అదే నా గొప్ప అని అందరికీ చెప్పుకున్నాను.

ముందు నా చేతికి వేసుకుని చూశాను, నొప్పి పుట్టినచోట ఆపేశాను. ఆయన చేతికి వేశాక కర్ర కాస్త జారుతోందంటే తీగలు ఇంకొంచెం బిగించి, నొప్పిగా ఉందా బావగారూ అని అడిగాను. లేదన్నారు. ఇంకాస్త బిగించి మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదన్నారు. గిల్లినా తెలియని చేతిని పట్టుకుని నొప్పి ఉందా అని అడిగే వెధవ ఉంటాడా అంటే, ఉన్నాడు, ఇదిగో ఇది రాస్తున్నాడు. అక్క మాత్రం గుమ్మంలోనే నిలబడి, "ఒరే తమ్ముడూ, దాని మూలుగు వింటుంటే నాకేదోలా ఉందిరా" అంది. ఆడవాళ్ళకు మరలంటే భయం అని నవ్వేశాను.

ఆ తొడుగు వేయడానికి అరగంట పట్టేది. అందుకని బావగారు దాన్ని విప్పడం మానేశారట, దాంతోనే తిని దాంతోనే పడుకునేవారట. నాలుగోనాడు అక్క బస్సు కండక్టరు చేత కబురు పంపింది, బావగారి వేళ్ళకంటిన రంగు ఎంత తోమినా పోవడం లేదని. కొండపల్లి వేళ్ళకు రంగు అంటకుండా ఎప్పుడుంది? పైగా చేస్తున్నవి నల్ల ఏనుగులాయె. కిరసనాయిలుతో ఇంకోసారి తుడవమన్నానని చెప్పి పంపించి, నా పనిలో నేను పడ్డాను.

ఆదివారం నేను వెళ్ళేసరికి అరుగు మీద పదకొండు ఏనుగులు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. బావగారి మొహంలో అంత వెలుగు వాళ్ళ పెళ్ళిలో కూడా చూడలేదు. గదిలో ఏదో వాసన వేస్తోంది, సరేసు జిగురు కాబోలనుకున్నాను. కిరసనాయిలు గుడ్డతో ఆయన చిటికెన వేలు నేనే తుడిచాను. ఎంత తుడిచినా గుడ్డకు మరక అంటలేదు. వేలు రాయిలా చల్లగా తగిలింది. తొడుగు కత్తిరించి తీశాక అక్క చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయింది. బావగారొక్కరే, ఇంకా తొమ్మిది చెయ్యాలోయ్, త్వరగా మళ్ళీ కట్టు అంటున్నారు.

పెద్దాసుపత్రిలో, నెత్తురాడక నల్లబడ్డ నాలుగు వేళ్ళూ తీసేశారు, బొటనవేలు మిగిలింది.

ఆ మోటారును కాలవలో పారేసి, కొండపల్లి బస్సెక్కడం మానేశాను. చలికాలం వెళ్ళాక ఒకరోజు బావగారే నా గది వెతుక్కుంటూ వచ్చారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. కట్టు విప్పిన చెయ్యి నా ముందు చాపి, "ఇంకోటి చెయ్యవోయ్ బావమరిదీ, ఉన్న బొటనవేలికి తగ్గట్టు. ఈసారి రాత్రిళ్ళు విప్పేస్తాలే" అన్నారు, తప్పంతా తనదే అయినట్టు. నేను తల వంచుకుని, నా వల్ల కాదండీ అన్నాను. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఉలి పట్టలేదు. పోయేదాకా వేరేవాళ్ళ ఏనుగులకే రంగులు వేశారు.

ఇప్పుడలాంటివి చేసేవాళ్ళు డాక్టర్ని, రోగిని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తారట, చెడితే ఎందుకు చెడిందో రాసుకుని మళ్ళీ చేస్తారట. వినడానికి ఎంత బాగుందో. మా రోజుల్లో ఒక్కడే చేసేవాడు, చెడితే ఒక్కడే పారిపోయేవాడు. మొదటిది అహంకారంతో చేశానని ఎవరితోనైనా ఒప్పుకుంటాను, దానికి నన్నెవరూ శిక్షించలేదు కూడా. రెండోది ఆయన నోరు తెరిచి అడిగారు. అది నేను చెయ్యలేదు.