టెస్ట్ డ్రైవ్‌కు వచ్చిన పొట్టేలు

కరోనా మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిన కాలంలో నన్ను కృష్ణగిరి బ్రాంచి నుంచి హోసూరు షోరూముకు బదిలీ చేసినారు. హోదా, సీనియర్ సేల్స్ కన్సల్టెంట్. సీనియర్ అయితే జీతం మారదు, టై రంగు మారుతుంది. అదే రోజు అదే బ్రాంచి నుంచి ఇంకొకటి కూడా బదిలీ అయింది. తెల్ల రంగు డెమో కారు. నిజానికి ఉత్తర్వు ముందు దానికే వచ్చింది. దాన్ని హోసూరు దాకా ఎవరో ఒకరు నడిపి తేవాలి కదా అని నన్ను కూడా బదిలీ చేసినారని నా అనుమానం.

ముప్పై ఒకటో ఏట నేను ఆ ఉద్యోగం నుంచి రిటైరైనాను. నవ్వాల్సిన పని లేదు. నెల మారితే చాలు, అంతకుముందు ఎన్ని కార్లు అమ్మినా మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే ఉద్యోగంలో మనిషి తొందరగా ముదురుతాడు. ఇప్పుడు రాయకోట రోడ్డులో సీటు కవర్ల అంగడి పెట్టుకొని, డెమో కారు కొనవచ్చా అని అడిగేవాళ్లకు ఊరికే సలహాలిస్తున్నాను. ఆ సలహాలన్నీ ఆ తెల్ల కారు దగ్గర నేర్చుకున్నవే.

డెమో కారంటే జనం నడిపి చూడడానికి షోరూములో పెట్టుకునే కారు. డీలరు దాన్ని తన పేరు మీదే రిజిస్టరు చేయించి, ఇన్సూరెన్సు కట్టి, ఏడాదో ఇంకాస్తో తిప్పి, ఆ తర్వాత ధర తగ్గించి అమ్మేస్తాడు. చూస్తే కొత్తదే. రోజూ కడుగుతారు, సెంటు కొడతారు. కానీ దాని బతుకు వేరు. సొంత కారును ఒకడు భయంగా నడుపుతాడు. డెమో కారును ఊరంతా ధైర్యంగా నడుపుతుంది. ఎక్కిన ప్రతివాడూ దాని బలమెంతో ఫస్ట్ గేరులోనే తేల్చుకోవాలనుకుంటాడు. బ్రేకు పనిచేస్తుందా అని, పనిచేస్తున్న బ్రేకునే మళ్లీ మళ్లీ తొక్కి చూస్తాడు. ఇంజను వేడెక్కక ముందే ఉరికిస్తారు, వేడెక్కేసరికి తెచ్చి నిలబెడతారు. పాపం, చాలా దూరం తిరుగుతుంది, యాడికీ పోదు.

టెస్ట్ డ్రైవ్‌కు నిబంధనలున్నాయి. నడిపేవాడికి లైసెన్సు ఉండాలి, పక్క సీట్లో కన్సల్టెంట్ కూర్చోవాలి. షోరూముకు రాలేనివాళ్లకు కారును ఇంటికే తీసుకుపోతాం, దాన్ని హోమ్ టెస్ట్ డ్రైవ్ అంటారు. కారు అమ్మినా అమ్మకపోయినా నెలకు ఇన్ని టెస్ట్ డ్రైవులు చేయించాలని మాకు టార్గెట్ ఉండేది. ఈ టార్గెట్ సంగతిని మా మేనేజర్ కంటే బాగా అర్థం చేసుకున్నవాడు కల్లావి ఊరి నారాయణప్ప.

నారాయణప్ప ఒకప్పుడు టెంపో నడిపినాడు. ఆ కారణంగా వాళ్ల బంధువర్గానికంతా ఆయనే వాహన నిపుణుడు. అందరూ గొర్రెలూ సేద్యమూ ఉన్నవాళ్లు. వాళ్లలో కాళ్లున్న దాన్నయినా, చక్రాలున్న దాన్నయినా ఎవడూ ఒంటరిగా పోయి కొనడు. పెద్ద బావ వచ్చి చుట్టూ తిరిగి చూసి సరే అనాలి. ఆయన వద్దంటే ఆ బేరం అంతటితో ముగిసినట్టే.

నేను కృష్ణగిరిలో ఉన్నప్పుడు ఆయన కారు కొంటానని హోమ్ టెస్ట్ డ్రైవ్ అడిగినాడు. మొదట తానొక్కడే చూసినాడు. తర్వాత భార్య జయమ్మ చూడాలన్నాడు. ఆ తర్వాత చిన్నాయన, పెద్దమ్మ, ఇంకెవరెవరో. పిలిచినప్పుడల్లా నేను సంతోషంగా పోయినాను, నా టార్గెట్ నిండుతోంది. పాట లేకుండా బండి నడపలేనప్పా అని తన ఫోనును బ్లూటూత్‌తో కారుకు కలిపించుకున్నాడు. ఎడమ కాలు మాత్రం క్లచ్ మీది నుంచి తీసేవాడు కాదు. టెంపో అలవాటు.

ఒకరోజు ఎత్తులో లాగుతాదా లేదా చూడల్ల అని సామల్పట్టి వైపు తిప్పినాడు. అక్కడ ఎత్తేమీ లేదు. ఒక దొడ్డి ముందు ఆపితే, కొమ్ములు మెలితిరిగిన పొట్టేలొకటి మా కోసం సిద్ధంగా ఉంది. ఇంటి దేవుడికి మొక్కు. ఇదేమిటన్నా అని అడిగినాను.

"బరువుతో ఎట్ల పోతాదో చూడల్ల కదప్పా. మనుషులతో చూసేసినాం."

నేను నిబంధనలు గుర్తు చేసుకున్నాను. కుటుంబ సభ్యులను ఎక్కించుకోవచ్చని ఉంది, వాళ్లకు ఎన్ని కాళ్లుండాలో రాసి లేదు. వెనక సీటు మీద గోనెపట్ట పరచినాము. పొట్టేలు దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ వచ్చింది. కల్లావి దగ్గరకొచ్చేసరికి విసుగు పుట్టిందేమో, తలుపు లోపలి అట్టను కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది. మర్యాదగా చెప్పాలంటే, నేను ఆ కారులో తిప్పిన కస్టమర్లలో అదే తక్కువ ప్రశ్నలడిగింది.

నారాయణప్ప కారు కొనలేదు. నాకు బదిలీ వచ్చింది.

హోసూరులో మేనేజర్ తమిళంలో తిట్టేవాడు, అకౌంటెంట్ కన్నడంలో ఓదార్చేవాడు, నేను తెలుగులో అమ్మేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ కారు కొత్త మోడల్ వస్తోందని కబురొచ్చింది. నెలాఖరులోగా పాత డెమో కారును వదిలించుకో అని మేనేజర్ చెప్పినాడు. లేకుంటే నన్ను వదిలించుకుంటానన్న భావం తమిళంలో చాలా స్పష్టంగా వినిపించింది.

అప్పుడు వచ్చినారు మునిరాజు, రత్నమ్మ. జవళగిరి అవతల చిన్న ఊరు వాళ్లది. మునిరాజు హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి వస్తాడు. రత్నమ్మ ఇంటి దగ్గర గొర్రెలు చూసుకుంటూ కొంచెం నేలలో రోజాలు పెట్టింది. కారు ఏ పనికి అన్నా అని మునిరాజును అడిగితే జవాబు రత్నమ్మ చెప్పింది. రోజా మొగ్గలు పొద్దు పొడిచేసరికి హోసూరు పూల మార్కెట్టులో ఉండాలట. ఎండెక్కితే విచ్చుకుంటాయి, విచ్చుకున్న పువ్వును ఎవరూ అడగరు. బస్సులో జాగా ఉంటే పూలమూటలు ఎక్కుతాయి, లేకుంటే ఆ రోజు పంట రోడ్డు పక్కనే. అందుకని ఆమె డ్రైవింగు నేర్చుకొని లైసెన్సు తీసుకుంది. కారు డబ్బు కోసం మందలో సగానికి పైగా అమ్మేసినారు.

"ఇది తప్పితే మాకు గొర్రెలూ ఉండవు, పూలూ చేరవు. చూసి చెప్పప్పా" అంది.

నేను చెప్పాల్సినవి చెప్పినాను. కారు కొత్తగా కనిపించినా ఆర్సీలో మీరు రెండో ఓనరే. వారంటీ మీరు కొన్న రోజు నుంచి కాదు, డీలరు రిజిస్టరు చేయించిన రోజు నుంచి లెక్క. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించుకోవాలి. బ్యాంకు లోను ఇస్తే పాత కారుకిచ్చినట్టే ఇస్తుంది, వడ్డీ ఎక్కువ. ధర తక్కువని బెంగళూరులో డెమో కారు కొనకండి, అక్కడి నంబరును ఇక్కడికి మార్పించుకునేటప్పుడు రోడ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి, మిగిలిందంతా అందులోనే పోతుంది. ఇవన్నీ చెప్పినాను. పొట్టేలు సంగతి ఎవరూ అడగలేదు.

ఇద్దరికీ కారు నచ్చింది. అయితే మా బావ, రత్నమ్మ వాళ్లన్న, వచ్చి చూడల్ల అన్నాడు మునిరాజు. తప్పకుండా రమ్మనండి అన్నాను.

శనివారం బావ బస్సు దిగినాడు. కల్లావి నారాయణప్ప.

నన్ను చూసినాడు, కారును చూసినాడు, తువ్వాలు సవరించుకున్నాడు. నేను టై సవరించుకున్నాను. షోరూము కారులో ఊరికే ఊరేగినాడని తెలిస్తే నిపుణుడి పరువేమవుతుందో ఆయనకు తెలుసు. పొట్టేలును ఎక్కించుకున్నానని తెలిస్తే నా నెలాఖరు ఏమవుతుందో నాకు తెలుసు.

"ఏ ఊరప్పా నీది?" అన్నాడు.

"ఈ పక్కే అన్నా" అన్నాను. అట్లా ఆ రోజు మొదటిసారి పరిచయమై చేతులు కలుపుకున్నాము.

తనిఖీ మొదలైంది. క్లచ్ తొక్కి చూసి పెదవి విరిచినాడు. ఎవడో బుద్ధిలేనోడు కాలు దీని మీదే పెట్టుకొని నడిపినాడన్నాడు. ఎత్తులో జారుతాదన్నాడు. తలుపు లోపలి గీత మీద వేలు పెట్టి, గబుక్కున తీసేసి, ఇదేదో పెట్టె తగిలినట్టుండాది అన్నాడు. మునిరాజు వెనక సీట్లోకి వంగి వాసన చూసి, బావా గొర్రె వాసన కదా ఇది అన్నాడు. గొర్రెలు కాసేవాడి ముక్కు, సెంటుకు లొంగలేదు. నారాయణప్ప కోపం తెచ్చుకున్నాడు.

"షోరూము బండిలో జీవాలనెక్కించినోడు మనిషేనా? ఇట్లాంటి బండి మనకొద్దు ముని."

నేను అద్దంలోంచి బయటి ఫ్లైఓవర్ వైపు చూసినాను. చాలా బాగా కట్టినారు దాన్ని.

బావ వద్దన్నాడు. ఇంక మాట లేదు. మునిరాజు తల వంచుకొని, డబ్బు ఇంట్లో పెడితే నిలవదే అని గొణిగినాడు. రత్నమ్మ మాత్రం పోయి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఒక్కతూరి స్టార్ట్ చేసి దిగుతానంది. తాళం తిప్పింది.

కారు పాత స్నేహితుణ్ణి గుర్తుపట్టింది. కిటికీ దగ్గర నిలబడ్డ నారాయణప్ప జేబులోని ఫోనుతో, ఎవరినీ అడగకుండా, కలిసిపోయింది. డెమో కారులో నడిపినవాళ్ల ఫోన్లన్నీ అట్లాగే మిగిలి ఉంటాయి. బదిలీలో నా సామాను సర్దుకున్నాను కానీ దాని జ్ఞాపకాలు తుడవాలని ఎవరికీ తోచలేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆయన తీసి చెవి దగ్గర పెట్టుకొని అలో అలో అంటున్నాడు. జయమ్మ గొంతు మాత్రం కారు నాలుగు తలుపుల్లోంచి షోరూమంతా వినిపించింది.

"యాడుండావు? పనైపోతే ఆ షోరూమోళ్ల తెల్ల కారు మళ్లా దొరుకుతాదేమో అడుగు. పోయిన తూరి మన పొట్టేలును తెచ్చినావే, ఆ కారు. చిన్నాయనోళ్ల మొక్కుకు ఈ తూరి రెండు తేవల్ల. ఆ టై పిలగాడు మంచోడు, ఏమీ అనడు."

నారాయణప్ప ఇంకా అలో అంటూనే ఉన్నాడు.

మునిరాజు నెమ్మదిగా అడిగినాడు. "బావా, స్నేహితుని కారులో తెచ్చినానంటివే, ఆ పొట్టేలేనా?"

"మనమూ తిన్నాం కదా దాన్ని" అంది రత్నమ్మ, సీట్లోంచి దిగకుండానే.

ఆమె తాళం తిప్పి ఆపేసింది. జయమ్మ గొంతు ఫోనులోకి పోయి చిన్నదైపోయింది. రత్నమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు టై పిలగాడా. మా అన్న నడిపింది, పొట్టేలు పొడిచింది, ఏదీ మిగలకుండా చెప్పు."

చెప్పినాను. దాచుకోవడానికి ఇంకేమీ లేనప్పుడు నిజాయితీ చాలా సులభం. తర్వాత ఆమె నారాయణప్పను చూసింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పరువు పోయింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పడానికి ఆయనకూ తీరిక దొరికింది.

"క్లచ్‌ను తినేసింది నేనేమ్మా. అది మార్చియ్యమను. ముందరి టైర్లు రెండూ అరిగిపోయినాయి, అవీ మార్పించు. మిగతాదంతా గట్టిది. ఇంజను సంగతి నాకు తెలుసు, ఇంత నడిపినా ఒక్కనాడూ మొరాయించలా. తీసుకో."

నా ఉద్యోగ జీవితంలో ఒక కారు గురించి ఇంత అనుభవంతో ఎవరూ అభిప్రాయం చెప్పగా వినలేదు.

నేను మేనేజర్ గదిలోకి పోయినాను. క్లచ్, టైర్లు షోరూము ఖర్చుతో మార్చి, ఆ మాట బిల్లు మీద రాసి ఇస్తేనే తీసుకుంటారట అన్నాను. నెలాఖరు కాబట్టి ఒప్పుకున్నాడు. ఇందాక స్పీకర్లో పొట్టేలు గురించి ఏదో వినిపించిందే, ఏమది అని అడిగినాడు. కస్టమర్ ఫీడ్‌బ్యాక్ సార్ అన్నాను.

డెమో కారుకు కొత్త కారు లాంఛనాలు ఉండవు. పైన కప్పిన గుడ్డ లాగడం, కేకు కోయడం, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకొని ఫోటో దిగడం, ఇవేవీ రెండో ఓనరుకు లేవు. రిబ్బను మాత్రం నేను స్టోరు నుంచి తెచ్చి కట్టినాను. టైర్ల కింద నిమ్మకాయలు వాళ్లే తెచ్చుకున్నారు. వెనక సీటు కడిగించి ఎండలో ఆరబెట్టించినాను. మునిరాజు మళ్లీ వాసన చూసి, ఉండనీలే, మనదే కదా అన్నాడు.

చివరి పని, కారులో మిగిలిన ఫోన్లన్నీ తుడిచేయడం. రత్నమ్మ పక్కన కూర్చుని చూస్తుంటే ఒక్కొక్కటీ తీసేసినాను. చివరిది దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"మా అన్న ఫోను ఉండనీప్పా. పక్కకొస్తే కారే చెప్తాది."

ఆమె నడిపింది. మునిరాజు ముందు కూర్చున్నాడు. నారాయణప్ప వెనక సీట్లో, పొట్టేలు కూర్చున్న వైపే కూర్చుని, దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ పోయినాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు రత్నమ్మ మార్కెట్టులో పూలు దించి, తిరుగుదారిలో నా అంగడి ముందు అప్పుడప్పుడు ఆపుతుంది. సీటు కవర్లు మాత్రం ఇంతవరకు కొనలేదు. పక్క అంగడిలో ధర అడిగి వచ్చి నాతో బేరమాడుతోంది.

ఆ కారు నేర్పింది ఇంతే. డెమో కారు కొనేవాళ్లు మీటరులోని కిలోమీటర్లు తక్కువని మురిసిపోకూడదు, అవెట్లా తిరిగినవో చూసుకోవాలి. క్లచ్, బ్రేకు, టైర్లు తమ మనిషితో పరీక్ష చేయించాలి. వారంటీ ఎంత మిగిలిందో, ఏమేమి మార్చి ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోవాలి. ఈ కారును ఎవరెవరు నడిపినారని కూడా అడగాలి. అయితే ఆ ప్రశ్నను షోరూములో అడగడానికి ముందు, ఒకసారి ఇంట్లో అడిగి రావడం మంచిది.