ఆగని కరెంటు

ఆమె కాస్త ఒళ్లున్న మనిషే అయినా, పరిశోధనాలయంలో అందరూ సన్నక్క అనే పిలుస్తారు. ఒక్క పరమాణువు మందం ఉండే రేకుల మీద పని చేస్తుంది కాబట్టి వచ్చిన పేరది. ఆ రేకుల్ని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. ఏ పరమాణువుల్ని ఎలా పేరిస్తే కరెంటు ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడమే ఆమె ఉద్యోగం. పై అంతస్తులో కిటికీ పక్కన బల్ల, రెండు తెరలు, చల్లారిపోయిన టీ కప్పు. ఆమె ప్రయోగశాల అంతే.

రేకుల్ని నిజంగా తయారుచేసే ఆయన కింది అంతస్తులో ఉంటాడు. ఏది చెడినా ముందు దుమ్మునే అనుమానిస్తాడు కాబట్టి ఆయన దుమ్మయ్య అయ్యాడు. వయసులో ఆమెకు తమ్ముడి వరస.

సన్నక్క ఒకసారి బరువైన లోహంతో చేసే రేకు గురించి లెక్కగట్టి, ఇది మంచి స్విచ్చు అవుతుందని ఒక పరిశోధనా వ్యాసంలో రాసింది. ఆ మాట పట్టుకుని దుమ్మయ్య ఏడాదికి పైగా దాని వెంట పడ్డాడు. స్విచ్చు వేస్తే కరెంటు వెళ్లేది. ఆపితే మాత్రం ఆగేది కాదు, సరిగ్గా కట్టని కుళాయిలా కారుతూనే ఉండేది. గదిని మళ్లీ మళ్లీ శుభ్రం చేయించాడు, గాలి వడపోసే యంత్రాన్ని మార్పించాడు. ఫలితం మారలేదు.

ఒకరోజు పొద్దున విభాగం పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "దుమ్మయ్య ప్రయోగాలు మానేసి పాఠాలు చెప్పుకుంటానంటున్నాడు. మీరొకసారి మాట్లాడి చూడండి," అన్నాడు.

ఆమె కిందికి దిగేసరికి దుమ్మయ్య చేతితొడుగులు తీసేసి ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది నాయనా?"

"చేతులు చెడ్డాయక్కా. ఇంత సన్నటి పనికి చెయ్యి నిలకడగా ఉండాలి. మా అమ్మకి వణుకు ఈ వయసులోనే మొదలైంది. నాకూ అదే వస్తోందేమో. మా ఆవిడ డాక్టరుకి చూపిద్దామని ఒకటే గొడవ."

ఆమె కొలతలు చూపించమంది. తెర మీద గీతలన్నీ ఒకదాని మీద ఒకటి అతికినట్టు పడ్డాయి.

"ఇవన్నీ ఒకేసారి చేసినవా?"

"కాదు. కొన్ని పాత గదిలో చేశాను, కొన్ని కొత్త గదిలో."

"దుమ్ము పడితే ఒక్కోటి ఒక్కోలా చెడాలి. చెయ్యి వణికినా అంతే. అన్నీ ఒకేలా ఎందుకు చెడ్డాయి?"

అడుగుతుండగానే జవాబు ఆమెకే తట్టింది.

ఎలక్ట్రాన్‌కు తన చుట్టూ తాను తిరిగే గుణంలాంటిది ఒకటి ఉంటుంది. తేలిక పరమాణువుల్లో దాన్ని పట్టించుకోకపోయినా లెక్క తప్పదు, బరువైనవాటిలో తప్పుతుంది. కలిపితే కంప్యూటర్‌కు ఎంతో ఎక్కువ సమయం పడుతుంది. అందుకని ఆమె ఎప్పుడూ వదిలేసేది. అలవాటు కొద్దీ ఈ బరువైన లోహానికీ వదిలేసింది.

ఈసారి కలిపి లెక్క పెట్టింది. పెద్ద కంప్యూటర్ అందరిదీ కాబట్టి వరసలో వేచి ఉండక తప్పలేదు. ఆ రోజుల్లోనే ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. కూతురు మాట్లాడకుండా నీళ్లు తాగుతూ తినేసింది. తల్లి ఊరుకోలేదు. "నీ మనసు ఎక్కడుంటే అక్కడుండనీ గానీ, అందాకా పొయ్యి నాకొదిలెయ్యవే," అంది.

ఫలితం వచ్చింది. కరెంటును ఆపాల్సిన అడ్డు దాదాపు లేనే లేదు. ఎవరు చేసినా ఆ రేకు స్విచ్చు కాదు.

మెట్లు దిగుతూ ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంది. తీరా అతని ఎదుట నిలబడ్డాక నోటికి వచ్చింది ఒక్కటే. "తప్పు నాది. లెక్కలోనే ఉంది." ఎక్కడ తప్పిందో వివరంగా చెప్పింది.

ఇక తిడతాడనుకుంది.

"అయితే నా చేతులు?"

"బంగారంలా ఉన్నాయి. ప్రతిసారీ అంత ఒకేలా చేశావు కాబట్టే నా తప్పు దొరికింది."

అతను రెండు అరచేతుల్నీ తిప్పి చూసుకున్నాడు. మొహం కప్పుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకోవడం ఆమె చూడనట్టే ఊరుకుంది.

"ఏడాది వృథా చేశానని కోపం రాలేదా?"

"రేపు వస్తుందేమోలెండి అక్కా. ఇవాళ చోటు లేదు," అంటూ భార్యకు ఫోను కలిపాడు.

పెద్దాయన అంతా విని, "దిద్దుబాటు రాయండి, ఇద్దరి పేర్లూ వెయ్యండి," అన్నాడు. భార్య పట్టు విడవకపోవడంతో దుమ్మయ్య డాక్టరు దగ్గరికీ వెళ్లొచ్చాడు. ఏ జబ్బూ లేదు, కాఫీ తగ్గించమన్నారట.

స్విచ్చుగా పనికిరాని ఆ రేకు, వేడి వస్తువుల నుంచి వచ్చే, కంటికి కనబడని కాంతిని పసిగట్టవచ్చని పూర్తి లెక్క చెబుతోంది. నిజమో కాదో ఇద్దరూ కలిసి చూస్తున్నారు. తప్పు ఒప్పుకున్న ఆ సాయంత్రం మాత్రం సన్నక్క పెందలాడే ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా సోఫాలో నిద్రపోయింది. తల్లి ఫ్యాను వేసి, టీవీ గొంతు తగ్గించింది.