పక్కవాడిని చూసి రాసిన మనస్తత్వం

ఆళ్లగడ్డలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే మల్లికార్జునకు యాభై రెండో ఏట తన లోపల ముగ్గురు మనుషులున్నారని తెలిసింది. తెలియజెప్పింది ఒక మందుల కంపెనీ. డీలర్లందరినీ నంద్యాలలో ఏసీ హోటలుకు పిలిచి, మధ్యాహ్నం బిర్యానీ పెడతామని ఆశ చూపి, పొద్దున రెండు గంటలు మనస్తత్వం గురించి పాఠం చెప్పించింది.

పాఠం చెప్పినాయన బోర్డు మీద మూడు సున్నాలు గీశాడు. పై సున్నా పేరెంటు: చిన్నప్పుడు పెద్దల దగ్గర విని, మనకు తెలియకుండానే మన నోటికి ఎక్కించుకున్న మాటలు. నడిమి సున్నా అడల్టు: ఉన్నది ఉన్నట్టు చూసి, ఆలోచించి మాట్లాడేది. కింది సున్నా చైల్డు: అలిగేది, భయపడేది, గంతులేసేది. ఎవరిలో ఏది ఎక్కువో తేల్చుకోమని నలభై ప్రశ్నల కాగితం పంచాడు.

మల్లికార్జునకు పరీక్ష అంటే ఒకే పద్ధతి తెలుసు. పదో తరగతి గట్టెక్కించింది ఆ పద్ధతే. పక్కన కూర్చున్న శిరివెళ్ల డీలరు నరేంద్ర వైపు మెడ సాచాడు.

"ఏడోదానికి ఏం పెట్టినావప్పా?"

"ఏడోది 'మీకు కోపం త్వరగా వస్తుందా' అనన్నా. అది నీ కోపం గదా, నన్నడుగుతావేందీ?"

"నీకేం వచ్చిందో చెప్పు సామీ. తప్పయితే ఇద్దరికీ తప్పయితాది."

నరేంద్ర సాధుజీవి, తిట్టినా నవ్వే రకం. ఆయన కోపం రాదని పెట్టాడు, ఈయనా రాదని పెట్టాడు. ఆ విధంగా నలభై ప్రశ్నలూ దాటి, అంగళ్ల వీధిలో అరుపులకు పేరుమోసిన మల్లికార్జున అచ్చమైన అడల్టుగా తేలాడు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దానికి లామినేషన్ చేయించి, అంగట్లో లక్ష్మీదేవి పటం పక్కన మేకు కొట్టి తగిలించాడు. లక్ష్మీదేవి ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి జనానికి తిప్పలు మొదలయ్యాయి. దొర్నిపాడు రైతు ఒకాయన మందు పనిచేయలేదని గొణిగితే, "ఇది నీ చైల్డు మాట్లాడతాంది, పోయి నీ అడల్టును పిల్చుకరా పో" అన్నాడు. తన ఇంట్లో తనకు తెలియకుండా ఎవరున్నారా అని ఆలోచించుకుంటూ పోయాడు ఆ రైతు. పెరుగు పులిసిందని చెప్పినందుకు తల్లి రత్నమ్మకు పేరెంటని ముద్ర వేశాడు. డెబ్బై ఆరేళ్ల తల్లి పేరెంటు కాక మరేమవుతుంది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఈ గురివిందకు సర్టిఫికెట్ కూడా ఉంది.

ఇంతమందిని జల్లెడ పట్టినవాడు కూతురు రక్షితను మాత్రం తప్పించుకు తిరుగుతున్నాడు. ఆ పిల్ల వ్యవసాయ డిగ్రీ చదివింది. హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీ ఉద్యోగం ఇస్తామంది, వస్తుందో రాదో సోమవారం చెప్పాలి. ఆమెకేమో తమ అంగట్లోనే కూర్చోవాలని ఉంది. నాయన ఊ అంటే ఉంటుంది, లేకపోతే బస్సెక్కుతుంది. పది రోజులుగా అడుగుతోంది, పది రోజులుగా ఆయనకు ఏదో ఒక పని అడ్డం వస్తోంది.

ఆదివారం సాయంత్రం ముగ్గురూ వసారాలో చెనిక్కాయలు ఒలుస్తుండగా మళ్లీ అడిగింది.

"నాయనా, రేపు వాళ్లకు ఏం జెప్పేది? అంగట్లో నేను కూచుంటా. తెగులు చూసి మందు చెప్పేది నాకొచ్చు."

సర్టిఫికెట్ పొందిన అడల్టు వేలు లేపాడు.

"అంగడంటే ఆడుకునే జాగా అనుకుంటివా? నాలుగచ్చరాలు నేర్చి నాకే చెప్తాండావా? ఆ కుర్చీ నేను పోయినంక సూసుకో."

రత్నమ్మ ఒలిచే చెయ్యి ఆపి కొడుకు వైపు చూసింది.

"మీ నాయన మాటలే. ఒగచ్చరం తప్పలేదు. ఆ వేలు గూడా ఆయన్దే."

"ఏ మాటలమ్మా?"

"కొత్త రకం పత్తిత్తనాలు తెప్పిద్దామని నువ్వడిగిన దినం అన్నాడు గదా. ఇరవై మూడేండ్లు నీకు. ఎనక యూరియా మూటల మీద కూచోని ఏడిస్తివి. ఆయన అన్నట్టే పోయినంకనే ఇడ్సినాడు కుర్చీ. పెద్దకర్మ అయిన మర్నాడు నువ్వు పోయి కూచుంటివి. ఆ పొద్దు గూడా ఏడిస్తివి."

మల్లికార్జున లేపిన తన వేలును తానే చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా తనదనుకుని అరిచిన గొంతు తనది కాదు. ఊరందరి లోపలా ముగ్గురిని వెతికినవాడికి, తన లోపల కూర్చుని కూతురిని వెళ్లగొడుతున్న ముసలాయన ఇంతవరకు కనబడలేదు. సిగ్గేసింది. రేపు ఈ పిల్ల బస్సెక్కి పోతుందని తలచుకుంటే, సిగ్గును మించి భయమేసింది.

రక్షిత జవాబు కోసం చూస్తోంది. అలవాటు చొప్పున మల్లికార్జున పక్కకు చూశాడు. అక్కడ శిరివెళ్ల నరేంద్ర లేడు.

వేలు ముడిచి, "ఎనిమిదికి అంగడి తెరుస్తా" అన్నాడు. "కుర్చీలో నువ్వు కూచో. నాకు స్టూలు చాలు. ఆలీసమైతే మాత్రం తిడతా."

"ఇప్పుడు మాట్లాడింది ఎవురప్పా?" అని అడిగింది రత్నమ్మ.

"నేనేమ్మా" అన్నాడు మల్లికార్జున.